పాత రికార్డు వినడం – 6వ పాఠం: ముందు స్పీడు, తర్వాతే శ్రుతి

ఈసారి ఎల్పీల (లాంగ్ ప్లే రికార్డుల) వంతు. వాటి గురించి చివర్లో కొంచెం చెబుతాను. పోయినసారి ఇచ్చిన అభ్యాసం ఇంకా తెగలేదు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. నిమిషానికి సుమారు 78 చుట్లు తిరిగే పాత రికార్డుల్ని 78 అంటాం; అలాంటి ఒకే 78 రికార్డుకి రెండు వేర్వేరు డిజిటల్ కాపీలు విని, గాయని ఆధార షడ్జం (పాటంతటికీ ఆధారమైన సా) ఎంతో రాయమన్నాను. కొందరు 415 హెర్ట్జ్ అన్నారు, కొందరు 404 అన్నారు. కొలవడంలో ఎవరూ తప్పు చెయ్యలేదు. కాపీలే వేరు. 415ని 404తో భాగిస్తే 1.027 వస్తుంది. మొదటి కాపీని నిమిషానికి 78.26 చుట్లు తిప్పి తీసి ఉంటే, రెండోదాన్ని దాదాపు 76 దగ్గర తిప్పి తీశారన్నమాట. ఆ తేడా హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఉన్న ఎడంలో (అంటే అరస్వరంలో) సుమారు సగం.

"78 అంటే 78 కాదా?" అని అడిగారు. కాదు. విద్యుత్ మోటార్లు వచ్చాక 60 సైకిళ్ల కరెంటున్న దేశాల్లో 78.26, మన దగ్గరిలాగా 50 సైకిళ్లున్న చోట 77.92 ప్రమాణాలుగా స్థిరపడ్డాయి. అంతకు ముందు, అంటే 1925లో మైకుతో రికార్డు చేయడం మొదలయ్యేదాకా, గాయకుడు కొమ్ములోకి పాడిన రోజుల్లో, కంపెనీకొక స్పీడు, ఒక్కోసారి యంత్రానికొక స్పీడు. కొన్ని కొలంబియా లేబుళ్ల మీద స్పీడు 80 అని అచ్చు వేసే ఉంటుంది. ఎవరూ చదవరు.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి: 78 దగ్గర ఒక్క చుట్టు తేడా వస్తే 22 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు). మన 22 శ్రుతుల లెక్కలో ప్రమాణ శ్రుతి, అంటే 81/80, కూడా దాదాపు అంతే, 21.5 సెంట్లు. నిమిషానికి ఒక్క చుట్టు ఎక్కువ తిరిగితే గాయకుడి షడ్జం ఒక ప్రమాణ శ్రుతి పైకి జరుగుతుంది. ఇది నోటికి వస్తే కాలిక్యులేటర్ తియ్యక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిరాకు. తేడా తెలిశాక చాలామంది ఆడాసిటీలో (శబ్దాన్ని సవరించే సాఫ్ట్‌వేర్) "ఛేంజ్ పిచ్" నొక్కారు. అది చెయ్యకూడదు. రికార్డు వేగంగా తిరిగితే శ్రుతి పెరుగుతుంది, నడక (పాట సాగే వేగం) పెరుగుతుంది, గమకం ఊపు పెరుగుతుంది, అచ్చుల రంగూ మారుతుంది. అన్నీ కలిసే మారతాయి. కాబట్టి సరిచేసేటప్పుడూ అన్నీ కలిసే వెనక్కి రావాలి. "ఛేంజ్ పిచ్" శ్రుతిని దించి నడకని అలాగే వదిలేస్తుంది. పాట 3 నిమిషాల 10 సెకన్లు ఉంటే సరిచేశాక కూడా అంతే ఉంటుంది. ఉండకూడదు. పైగా ఆ పని చేయడానికి సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ముక్కలు కోసి అతుకుతుంది. ఆ అతుకుల్లో కంపితం (స్వరం ఊగే గమకం) నలిగిపోయి, జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) మెట్లుమెట్లుగా వినిపిస్తుంది. "ఛేంజ్ టెంపో" కూడా ఇంతే, తిరగేసిన తప్పు. మనకు కావలసింది "ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్" ఒక్కటే. పాత వెర్షన్లలో దాని పేరు ఉత్త "ఛేంజ్ స్పీడ్". మార్చాక నిడివి మారిందా లేదా చూడండి. మారకపోతే తప్పు బటన్ నొక్కారు.

శాతాల్లో ఇంకో గుంట ఉంది. ఒక అరస్వరం పైకి పోవాలంటే 5.95 శాతం, కిందికి రావాలంటే 5.61 శాతం. పెంచిన శాతమే తగ్గిస్తే మొదటికి రారు. ఒరిజినల్ ఫైలు దాచుకుని ప్రతిసారీ దాని నుంచే మొదలుపెట్టండి. మార్చిన దాన్ని మళ్లీ మార్చకండి.

టర్న్‌టేబుల్‌కి 78 లేక 45లో తిప్పి ఎక్కించిన వాళ్లు 78.26కి రావాలంటే 73.9 శాతం పెంచాలి. పనవుతుంది, కానీ ఎల్పీల కోసం ప్రీయాంప్‌లో (ముల్లు సంకేతాన్ని పెంచే పెట్టెలో) ఉన్న ఈక్వలైజేషన్, అంటే మంద్ర, తార ధ్వనుల సర్దుబాటు, వేరే చోట పడి, మంద్రం ఉబ్బో తగ్గో వస్తుంది. ముల్లు విషయం చెప్పక్కర్లేదు అనుకున్నాను, చెప్పాల్సి వచ్చింది: 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు గాడి అడుగున పొర్లుతూ గరగరని మాత్రమే చదువుతుంది.

సరే, సరైన స్పీడు ఏది? "మగవాళ్లు ఇంత పైశ్రుతిలో పాడరు" అని ఎస్.జి. కిట్టప్ప "ఎవరని నిర్ణయించిరిరా" రికార్డుని కొందరు బాగా కిందికి దించి పంపారు. కిట్టప్ప నాటకాల గాయకుడు. మైకు లేని రంగస్థలం మీద చివరి వరస దాకా వినిపించాలంటే పైశ్రుతే దారి. దించిన ఆ ఫైళ్లలో సాహిత్యం వినండి, మాట కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. గొంతు ఎత్తుని బట్టి స్పీడు ఊహించకండి, అచ్చుల్ని వినండి.

ఆధారాలు వేరే ఉన్నాయి. వాటిలో హార్మోనియం మేలైనది. పాండవోద్యోగ విజయాల పద్యాల రికార్డుల్లో అది ఉంటుంది. దాని రీడ్లు గాయకుడి కోసం మారవు కాబట్టి, సరిచేశాక షడ్జం ఏదో ఒక మెట్టుకి ఓ 20–30 సెంట్ల లోపు పడాలి. రెండు మెట్ల నడిమధ్య పడితే స్పీడు తప్పు. వయొలిన్, మృదంగం సాక్ష్యానికి పనికిరావు, అవి గాయకుడికే శ్రుతి చేసుకుంటాయి. కొమ్ము కాలపు రికార్డుల్లో తంబురా వినపడటమే అరుదు.

లేబుల్ అంచున నల్ల భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు (రికార్డు చేసినప్పుడు ఆ వైపుకి వేసిన నంబరు) చూడండి. లేబుల్ మీది కేటలాగు నంబరు కాదు, అది అమ్మకం కోసం. ఒకే గాయకుడి మూడు వైపులు వరస మ్యాట్రిక్స్ నంబర్లతో ఉంటే బహుశా ఒకే పూట, ఒకే యంత్రం. మూడింటి షడ్జమూ ఒకటే వస్తే మూడింటికీ ఒకే దిద్దుబాటు సరిపోతుంది. మొదటి సా, చివరి సా విడిగా కూడా కొలవండి. పాట సాగే కొద్దీ శ్రుతి జారితే "స్లైడింగ్ స్ట్రెచ్" వాడాలి.

టేపులకీ క్యాసెట్లకీ ఇంకో మంచి ఆనవాలు కరెంటు హోరు. కచేరీ దగ్గర మెషీన్‌లోకి దూరిన 50 హెర్ట్జ్ హోరు టేపు మీద అచ్చయి ఉంటుంది. ఇప్పుడది 52 దగ్గర కనిపిస్తే టేపు 4 శాతం వేగంగా ఉంది. ఆడాసిటీలో ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో గీసి చూపే "ప్లాట్ స్పెక్ట్రమ్"లో సైజు 2048 ఉంచితే ఒక్కో గీత 21 హెర్ట్జ్ వెడల్పు, ఏమీ తెలియదు. 65536 పెట్టి, 50 కన్నా 100, 200 దగ్గర చూడండి. సరిగ్గా 50.0 కనిపిస్తే సంతోషపడకండి. అది మీ ఇంట్లో ఎక్కించేటప్పుడు దూరిన హోరు కావచ్చు. టేపు ఆపి, ప్లేయర్ ఆన్‌లోనే ఉంచి ఒక నిమిషం రికార్డు చేస్తే తేలిపోతుంది.

స్పీడు తప్పితే రాగం మారిపోతుందా అని అడిగారు. మారదు, స్వరాల మధ్య నిష్పత్తులు అలాగే ఉంటాయి. రాగం మారేది మీ శ్రుతిపెట్టె వల్ల. "ఈ విద్వాంసుడిది ఒకటో శ్రుతి (హార్మోనియం మీద C మెట్టు)" అని ముందే పెట్టేసుకుని, రికార్డు ఒక స్వరం కిందికి ఉంటే, మోహనంలో రిషభం మీకు షడ్జమై మధ్యమావతి వినిపిస్తుంది. పెట్టె ఆపి, పాటలో సా వెతికి, ఆ తర్వాత పెట్టె పెట్టండి.

నడక గురించి ఒక్క మాట. 10 అంగుళాల వైపు సుమారు 3 నిమిషాల 20 సెకన్లు, 200 సెకన్లు. ఆదితాళం (8 అక్షరాలు) ఒక కళలో అక్షరానికి సెకను చొప్పున పాడితే 25 ఆవర్తాలు (తాళం చుట్లు). రెండు కళలైతే, అంటే ఒక్కో అక్షరం రెట్టింపు నిడివైతే, 12న్నర. అందుకే సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) తగ్గాయి, చరణాలు పోయాయి, కాలప్రమాణం బిగిసింది. ఇంతవరకు గాయకుడి నిర్ణయం. స్పీడు 3 శాతం తప్పితే నడక తేడా కూడా 3 శాతమే. అంతకు మించి తేడా కనిపిస్తే నేరం మోటారుది కాదు.

ఎల్పీ 1948లో వచ్చింది. సన్నగాడి, 33⅓, వైపుకి 20 నిమిషాల పైన. ఆలాపన, కృతి, నెరవు (ఒక పంక్తిని అప్పటికప్పుడు పెంచి పాడటం), స్వరం ఒకే వైపు పట్టాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో ఎల్పీగా రావడం, ఇల్లిల్లూ చేరడం ఆ నిడివి వల్లే. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) మాత్రం చాలావాటిలో కోతకి గురైంది. దాన్ని తిరిగి ఇచ్చింది సి-90 క్యాసెట్, వైపుకి 45 నిమిషాలు. క్యాసెట్‌లో పల్లవి మధ్యలో వైపు తిప్పే కష్టం సీడీతో పోయింది. మిగతాది వచ్చే పాఠంలో.

గరగర తీసే ఫిల్టరు ఇప్పుడే వెయ్యకండి. వయొలిన్ పై అంచు దానితోపాటే పోతుంది. నేనైతే ఎప్పుడూ వెయ్యను.

అభ్యాసం: ఒకే విద్వాంసుడు పాడిన ఒకే కృతి 78లోనూ, ఎల్పీ లేదా క్యాసెట్‌లోనూ సంపాదించండి. రెండింటికీ స్పీడు తేల్చి, దిద్దుబాటు శాతం ఏ ఆధారంతో నిర్ణయించారో రాయండి. తర్వాత చేత్తో తాళం వేస్తూ పల్లవి, అనుపల్లవి, చరణాలకి ఆవర్తాలు విడివిడిగా లెక్కపెట్టండి. ప్రతి పంక్తికీ ఎన్ని సంగతులు మిగిలాయో, ఏవి పోయాయో స్వరంతో సహా రాయండి. వారం పడుతుంది. షడ్జం ఒక్కటే రాసి పంపితే చూడను.