బి విటమిన్ బిళ్లలు: వేసుకునే ముందు చూడవలసినవి

నీరసంగా ఉందనగానే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే బి కాంప్లెక్స్‌ను మనవారు బలం బిళ్ల అంటారు. లోపం లేనివారికి దానివల్ల అదనంగా వచ్చే బలమేమీ లేదు కనుక, ఎందుకు వేసుకుంటున్నామో ముందుగా తేల్చుకోవాలి.

మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడుతున్న మధుమేహ రోగులలో, గుడ్లు, పాలు సహా జంతు సంబంధ ఆహారమేదీ ముట్టనివారిలో, ఒమెప్రజోల్ వంటి ఎసిడిటీ మందులను దీర్ఘకాలం మింగేవారిలో బి12 తగ్గిపోయే అవకాశం ఎక్కువ. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలైతే అవి షుగరు వల్లనేనని సరిపెట్టుకోకుండా రక్తంలో బి12 ఎంత ఉందో చూపించుకోవాలి. ఈ పరీక్ష ఇంజెక్షన్‌కు ముందే జరగాలి. సూది వేయించుకున్నాక చూస్తే అంకె నిండుగా కనబడి అసలు లోపం మరుగున పడుతుంది. బి12 లోపం ఉన్నవారు రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం (బి9) ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడవచ్చు గాని, నరాలకు తగిలే దెబ్బ లోలోపల ముదురుతూనే ఉంటుంది.

గర్భం కోరుకునే స్త్రీలకు సాధారణంగా సూచించేది రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. బిడ్డ వెన్నుపాముకు మూలమైన నాళం గర్భం నిలిచిన తొలి నాలుగు వారాలలోనే మూసుకుపోతుంది కాబట్టి, నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మూర్ఛకు మందులు వాడేవారికి మోతాదు వేరుగా ఉండవచ్చు. అది వైద్యులే చెప్పాలి.

అన్నిటికంటె జాగ్రత్త అవసరమైనది బి6. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారికి నరాలు దెబ్బతినకుండా దీన్ని ఇస్తారు. అదే బి6 మితిమీరి నెలల తరబడి ఒంట్లోకి పోతే కాళ్లూ చేతులూ మొద్దుబారతాయి. రోగి దాన్ని నరాల బలహీనతే అనుకుని మరో బిళ్ల కలుపుకోవడం ఇందులోని విషాదం. అమెరికాలో పెద్దలకు గరిష్ఠ పరిమితి రోజుకు 100 మిల్లీగ్రాములు కాగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 12కే పరిమితం చేసింది. అందుచేత ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నిటినీ తిప్పి, పిరిడాక్సిన్ (బి6కే మరో పేరు) అన్న పేరు పక్కనున్న అంకెలను కూడి చూసుకోవాలి. నరాల బిళ్లగా అమ్మేవాటిలో కొన్నింట ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు కూడా కలిసి ఉంటుంది. మగతకు, తూలుడుకు అదే కారణం కావచ్చు.

మూత్రం ముదురు పసుపుగా రావడం రైబోఫ్లేవిన్ (బి2) పనే, భయపడనక్కరలేదు. జుట్టు కోసం వాడే బయోటిన్ (బి7) మాత్రం థైరాయిడ్, గుండెపోటు పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదు గనుక, రక్తం ఇచ్చే ముందే ఆ సంగతి ల్యాబ్‌లోనూ వైద్యునికీ చెప్పాలి.