ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఒకేచోట ఆగిపోయిందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

"నాలుగు నెలలు చదివాను, ఇరవై నమూనా పరీక్షలు రాశాను, అయినా స్కోరు కదలడం లేదు" అని ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకు అడిగే ఇంగ్లీషు పరీక్ష) రాసేవారు ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: స్కోరు కార్డు చూపించండి. చాలామంది మొత్తం బ్యాండ్ (0 నుంచి 9 వరకు ఉండే స్కోరు) ఎంతో చెబుతారు గాని, విడివిడిగా ఏ విభాగంలో ఎంత వచ్చిందో వెంటనే చెప్పలేరు. పుస్తకాలు మారుస్తారు, శిక్షకులను మారుస్తారు, రోజుకు యాభై కొత్త పదాలు బట్టీ పడతారు. నొప్పి ఎక్కడుందో చూడకుండా మందు వేస్తే ఎలా తగ్గుతుంది?

మొత్తం బ్యాండ్ అంటే లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ నాలుగింటి సగటును దగ్గరి అర బ్యాండుకు సవరించిన అంకె. సగటు 6.25 వస్తే 6.5 ఇస్తారు, 6.75 వస్తే 7 ఇస్తారు. ఒకరికి 7, 6.5, 5.5, 6.5 వచ్చాయనుకోండి. సగటు 6.375, కార్డు మీద 6.5. విశ్వవిద్యాలయం అడిగింది 6.5 కాబట్టి గట్టెక్కామనుకుంటారు. అదే ప్రవేశ నిబంధనల్లో "ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు" అనే వాక్యం ఉంటే ఆ 5.5 దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది. ఇలాంటివారు లిజనింగ్‌ను 7 నుంచి 7.5కు పెంచుకోవడానికి ఇంకో నెల ఖర్చు చేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అడిగిన స్కోరు మొత్తానికా, విభాగాలకు కూడానా అన్నది మీరు చేరబోయే కోర్సు పేజీలోనే చూసుకోండి. పనిలో పనిగా, పరీక్షకు నమోదు చేసుకునేటప్పుడు అకడమిక్ ఎంచుకున్నారో జనరల్ ట్రైనింగ్ ఎంచుకున్నారో కూడా చూడండి. డిగ్రీ, పీజీ ప్రవేశాలకు సాధారణంగా అడిగేది అకడమిక్.

సమస్య: ఇంట్లో 7.5, పరీక్షలో 6

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. ఇంట్లో రాసింది పరీక్ష కాదు. ఆడియో ఆపి, వెనక్కి జరిపి మళ్లీ విన్నారు. పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారు. రీడింగ్‌లో మూడు పాఠాలను మూడు రోజులు చేశారు. పరీక్షలో మూడూ కలిపి 60 నిమిషాలు. లేదా రెండు నెలల కిందట రాసిన పరీక్షనే మళ్లీ రాసి, గుర్తున్న జవాబులకు మార్కులు వేసుకున్నారు.

వారానికి ఒకరోజు లిజనింగ్, రీడింగ్, రైటింగ్ మూడింటినీ లేవకుండా, ఫోను పక్క గదిలో పెట్టి, ఒకే విడతలో రాయండి. రెండున్నర గంటలు దాటుతుంది. ఆ చివరి గంటలో మెదడు ఎంత అలసిపోతుందో తెలియకుండా వేసుకున్న అంచనా ఏదీ నిలవదు. మీరు రాయబోయేది కాగితం మీదా, కంప్యూటర్ మీదా అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. కాగితం పరీక్ష ఉన్నచోట లిజనింగ్ జవాబులు జవాబు పత్రంలోకి ఎక్కించుకోవడానికి చివర 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్ పరీక్షలో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే.

సమస్య: రీడింగ్‌లో మూడో పాఠం సగంలో సమయం అయిపోతోంది

ఒక కఠినమైన ప్రశ్న దగ్గర ఐదారు నిమిషాలు కూర్చుంటున్నారు. 40 ప్రశ్నలకూ తలా ఒక మార్కే, తప్పుకు కోత లేదు. పాఠానికి 20 నిమిషాలు గీత గీసుకుని, తేలనిదానికి ఏదో ఒక జవాబు పెట్టి ముందుకు వెళ్లండి. రీడింగ్‌లో జవాబులు ఎక్కించుకోవడానికి అదనపు సమయం ఉండదు, ఆ పనీ ఆ 60 నిమిషాల్లోనే.

ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల్లో మార్కులు పోతుంటే, పాఠంలో లేని విషయాన్ని మీ సొంత జ్ఞానంతో నింపుతున్నారని అర్థం. "ఆ నగరంలో సైకిళ్ల వాడకం పెరిగింది" అని మాత్రమే పాఠంలో ఉందనుకోండి. "సైకిళ్ల వల్ల అక్కడ కాలుష్యం తగ్గింది" అన్నది నాట్ గివెన్. నిజజీవితంలో తగ్గి ఉండవచ్చు, పాఠం ఆ మాట అనలేదు. "సైకిళ్ల వాడకం తగ్గుతూ వచ్చింది" అన్నది ఫాల్స్, ఎందుకంటే పాఠం దానికి ఎదురు చెబుతోంది. ఎదురు చెప్పే వాక్యాన్ని వేలు పెట్టి చూపించలేకపోతే ఫాల్స్ అని పెట్టకండి.

సమస్య: లిజనింగ్‌లో అంతా అర్థమైంది, మార్కులు మాత్రం రాలేదు

జవాబు పత్రాన్ని అక్షరం అక్షరం సరిపోల్చండి. స్పెల్లింగ్ తప్పితే మార్కు లేదు. బహువచనం చివరి "ఎస్" వదిలేస్తే మార్కు లేదు. రెండు పదాలకు మించకూడదన్న చోట మూడు రాస్తే మార్కు లేదు. ఇవి కాకపోతే, మాట్లాడే మనిషి ముందు మంగళవారం అని, తర్వాత సవరించుకుని గురువారం అన్నప్పుడు మీరు మంగళవారం దగ్గరే ఆగిపోయారు. ఆడియో లిఖిత ప్రతి పక్కన పెట్టుకుని తప్పిన ప్రతి ప్రశ్న దగ్గర కారణం ఒక్క ముక్కలో రాసుకోండి. పది రోజుల్లో మీ జబ్బు పేరు మీకే తెలుస్తుంది.

సమస్య: రైటింగ్ 6 దగ్గరే కూర్చుంది

ఇక్కడ కొంచెం ఆగుదాం, నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి వ్యాసాలు నేను నెలల తరబడి దిద్దాను. మొదట్లో ఆర్టికల్స్ (ఎ, ఆన్, ది) తప్పులు చాలా ఉండేవి. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి అది మనందరికీ ఉండే ఇబ్బందే. అవి సరిచేశాం. కాలాలు సరిచేశాం. ఒకే పదం పదేపదే వాడకుండా చూసుకున్నాం. మూడోసారి పరీక్ష రాసే నాటికి ఆమె వ్యాసంలో ఎర్ర సిరా దాదాపు కనిపించేది కాదు. మూడుసార్లూ రైటింగ్‌లో 6 వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు ఆమె పాత వ్యాసాలన్నీ ముందు వేసుకుని, ఈసారి వ్యాసం కంటే ముందు ప్రశ్నలు చదివాను. అప్పుడు కనిపించింది. ఆమె రాసిన ప్రతి వ్యాసం బాగుంది, కాని చాలావాటిలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. అన్ని నెలలూ నేను వాక్యాలు దిద్దానే తప్ప జవాబును దిద్దలేదు. ఆమె కోల్పోయిన ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఒక ప్రశ్న దగ్గరగా చూద్దాం. ఇది నేను అభ్యాసానికి తయారుచేసినది: "కొన్ని విశ్వవిద్యాలయాలు తరగతులకు హాజరు కావడాన్ని విద్యార్థుల ఇష్టానికే వదిలేస్తున్నాయి. దీనివల్ల కలిగే ప్రయోజనాలు నష్టాల కంటే ఎక్కువా?" దీనికి నా దగ్గరికి వచ్చే వ్యాసాలు ఎక్కువగా ఇలా ఉంటాయి. మొదటి పేరాలో విద్య ఎంత ముఖ్యమో చెబుతారు. రెండో పేరాలో హాజరు వల్ల పిల్లలకు క్రమశిక్షణ అలవడుతుందని, మూడో పేరాలో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చదువుకునే వీలు గురించి రాస్తారు. చివర "ప్రయోజనాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి" అని ముగిస్తారు. వ్యాకరణం శుభ్రంగా ఉంటుంది. ఇప్పుడు ప్రశ్నతో సరిపోల్చండి. ప్రశ్న విశ్వవిద్యాలయాల గురించి, వ్యాసం పిల్లల క్రమశిక్షణ గురించి. ప్రశ్న హాజరును ఇష్టానికి వదిలేయడం గురించి, వ్యాసం ఆన్‌లైన్ చదువు గురించి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రశ్న ఏ పక్కకు మొగ్గుతుందో తేల్చమంది. వ్యాసం తేల్చలేదు.

రైటింగ్‌కు మార్కులు నాలుగు ప్రమాణాల మీద సమానంగా వేస్తారు: అడిగినదానికి జవాబు ఇచ్చారా, ఆలోచన ఒక దారిలో సాగిందా, పదాల వాడుక ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది. మనం రేయింబవళ్లు కష్టపడేది చివరి రెండింటి మీదే. రైటింగ్‌లో రెండు టాస్కులు ఉంటాయి, ఈ వ్యాసం రెండోది. దానికి మొదటి టాస్క్ కంటే రెట్టింపు విలువ ఉంటుంది కాబట్టి అందులో జవాబు గురి తప్పితే దెబ్బ గట్టిగా తగులుతుంది. పైగా స్కోరు కార్డులో రైటింగ్‌కు ఒకే ఒక అంకె ఉంటుంది, ఏ ప్రమాణంలో తగ్గిందో అందులో కనిపించదు. వ్యాకరణ తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఈ తప్పును పట్టలేకపోవచ్చు. దిద్దే మనిషికి విషయం ముందే తెలుసు కాబట్టి, వ్యాసంలో లేని జవాబును తనే ఊహించుకుని సరిపెట్టుకుంటాడు. ఇంతకాలం ఈ తప్పు దాక్కోగలిగింది అందుకే.

మీకు ఇదే జబ్బు ఉందో లేదో అరగంటలో తేల్చుకోవచ్చు. మీరు రాసిన ఐదు వ్యాసాలు తీసుకోండి. పైనున్న ప్రశ్నలు కనిపించకుండా కాగితం అడ్డుపెట్టి, ఆ ప్రశ్నలు తెలియని వ్యక్తికి ఇవ్వండి. "ఈ వ్యాసం ఏ ప్రశ్నకు జవాబో ఊహించి రాయండి" అని అడగండి. వాళ్లు రాసిన ప్రశ్న, అసలు ప్రశ్న ఒకటేనా? పైన చెప్పిన వ్యాసాన్ని ఇలా ఒకరికి ఇస్తే "విద్యలో క్రమశిక్షణ అవసరమా?" అని రాశారు. ఐదింటిలో రెండు ఇలా తప్పినా మీ సమస్య ఇంగ్లీషు కాదు.

పరిష్కారం రాయడానికి ముందు ఐదు నిమిషాల్లోనే ఉంది. ప్రశ్నలో మూడు విషయాలు వేరుచేయండి: విషయం ఏమిటి, దాని హద్దు ఏమిటి, చేయమన్న పని ఏమిటి. హద్దు దగ్గరే చాలామంది జారిపోతారు. "మాత్రమే", "అందరూ", "అన్నిటికంటే మంచి మార్గం" లాంటి చిన్న మాటలు మొత్తం ప్రశ్ననే మార్చేస్తాయి. "నేరాలు తగ్గాలంటే జైలు శిక్షల కాలం పెంచడమే అన్నిటికంటే మంచి మార్గం, అంగీకరిస్తారా?" అన్నప్పుడు శిక్షలు పెంచితే మంచిదా కాదా అని రాస్తే సగం జవాబే. వేరే మార్గాలతో పోల్చకుండా "అన్నిటికంటే" అన్న మాటకు జవాబు రాదు. చేయమన్న పని కూడా అంతే. "రెండు వాదనలనూ చర్చించి మీ అభిప్రాయం చెప్పండి" అంటే మూడు పనులు. కారణాలు, పరిష్కారాలు అడిగితే రెండు పనులు. కారణాలకు రెండు పేరాలు రాసి పరిష్కారాన్ని చివరి వాక్యంలో ఇరికిస్తే చాలదు.

తర్వాత మీ జవాబును ఒక్క వాక్యంలో రాయండి, అదీ తెలుగులో. నేను ఎవరికి చెప్పినా ముందు ఆశ్చర్యపోయేది దీనికే. "నా దృష్టిలో ప్రయోజనాలే ఎక్కువ, ఎందుకంటే పెద్దవాళ్లయిన విద్యార్థులకు తమ సమయాన్ని తామే నడుపుకోవడం నేర్పేది ఈ స్వేచ్ఛే, వెనకబడేవాళ్లు ఉంటారు గాని వాళ్లకు వేరే సాయం చేయవచ్చు." ఇలా అమ్మభాషలో చెప్పలేకపోతే మీకు ఇంకా జవాబే దొరకలేదని అర్థం, దొరకని జవాబును ఇంగ్లీషులో ఎంత అందంగా రాసినా లాభం లేదు. చెప్పగలిగితే ఆ వాక్యమే పరిచయంలో మీ వైఖరి అవుతుంది, ప్రతి పేరా మొదటి వాక్యం దానికి ఒక కారణమవుతుంది, ముగింపులో అదే మాట మారకుండా తిరిగి వస్తుంది.

రెండు వారాలు వ్యాసాలు రాయడం ఆపేయండి. రోజుకు ఐదు ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదానికి ఒక వాక్యం జవాబు, రెండు కారణాలు, ఒక్కో కారణానికి ఒక ఉదాహరణ, అంతే రాయండి. ఆ అమ్మాయి ఇదే చేసింది. కొత్త పదం ఒక్కటి కూడా నేర్చుకోకుండా నాలుగోసారి 7 తెచ్చుకుంది.

బట్టీ పట్టిన వ్యాసాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అవి చేసే హాని ఇదే: తెలిసిన విషయం కనిపించగానే చేయి ప్రశ్న పూర్తిగా చదవకముందే పాత జవాబు రాసేస్తుంది. పక్కన పెట్టేయండి.

సమస్య: స్పీకింగ్‌లో ధారాళంగా మాట్లాడినా తక్కువ వచ్చింది

బట్టీ పట్టిన జవాబు వినగానే పరీక్షకులకు తెలిసిపోతుంది. అది కాకపోతే ఉచ్చారణ చూసుకోండి. తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లీషు మాట చివర కూడా మనకు తెలియకుండానే "ఉ" చేరుతుంది. బుక్ కాస్తా బుక్కు అవుతుంది. యాసను మార్చుకోనక్కర్లేదు, మాట స్పష్టంగా వినిపిస్తే చాలు. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు మాట్లాడి ఫోనులో రికార్డు చేసి, మాటల చివరలు మాత్రమే వినండి.

అరుదైన కారణాలు

చేతిరాత, హెడ్‌ఫోన్, పరీక్షకుడి మూడ్, ప్రశ్నపత్రం కఠినంగా రావడం: వీటి వల్ల ఒక బ్యాండు పోయినవాళ్లు నాకు దాదాపు తగల్లేదు, వీటి మీద సమయం పెట్టకండి. మార్కులు నిజంగా తప్పు వేశారనిపిస్తే ఆరు వారాల్లోపు పునఃపరిశీలన కోరవచ్చు. బ్యాండు పెరిగితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. కంప్యూటర్ మీద రాసినవారికి కొన్ని కేంద్రాల్లో ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే వీలు ఉంది, మొదటి పరీక్ష జరిగిన 60 రోజుల్లోపు. మీ విశ్వవిద్యాలయం ఆ స్కోరును అంగీకరిస్తుందో లేదో ముందు కనుక్కోండి. రైటింగ్ కోసమే ఈ రెండింటిలో ఏదైనా చేయాలనుకుంటే, డబ్బు కట్టే ముందు ఆ రోజు వచ్చిన ప్రశ్నను గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయండి. దాని కింద ఆ రోజు మీరు ఇచ్చిన జవాబును తెలుగులో ఒక్క వాక్యంలో రాసి, రెండూ పక్కపక్కన చదవండి.