కడుపునొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు జరిగింది?

కడుపునొప్పి అనగానే మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ముందుగా వినిపించే మాట ‘గ్యాస్’. చాలాసార్లు నిజమే. కాని అసలు కారణాన్ని పసిగట్టాలంటే నాలుగు సంగతులు గమనించండి: ఎక్కడ మొదలైంది, ఎటు జరిగింది, ఆగి ఆగి వస్తోందా అదేపనిగా ఉందా, తోడుగా జ్వరం, వాంతులు, మూత్రంలో మంట లాంటివి ఉన్నాయా. మొదలైన టైము కాగితం మీద రాసిపెట్టుకోండి. డాక్టరు తప్పకుండా అడుగుతారు.

ఎక్కువ మోసం చేసేది అపెండిసైటిస్, అంటే పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే అపెండిక్స్ వాయడం. బొడ్డు చుట్టూ సన్నగా మొదలవుతుంది, ఆకలి చచ్చిపోతుంది, ఒకటి రెండు వాంతులవుతాయి. 24 గంటలు గడిచేలోపే నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగుతుంది. దగ్గినా, ఆటో గతుకులో పడినా అక్కడే కలుక్కుమంటుంది. బొడ్డు దగ్గర మొదలైంది కదా అని ‘బొడ్డు జారింది’ అంటూ కడుపు తోమించేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి, విరేచనాల మందూ వేయకండి. వాచిన అపెండిక్స్ పగిలితే చీము కడుపంతా పాకుతుంది. పగిలిన వెంటనే కాసేపు నొప్పి తగ్గినట్టు ఉండొచ్చు, దాన్ని చూసి నయమైందనుకోవద్దు.

అపెండిక్స్ నొప్పి ఉన్నవారు కదలకుండా ముడుచుకుని పడుకుంటారు. కిడ్నీలో రాయి ఉన్నవారు ఒక్కచోట ఉండలేరు, మంచం మీద దొర్లుతారు. ఆ నొప్పి నడుము పక్క నుంచి గజ్జల్లోకి అలలుగా దిగుతుంది, మూత్రం ఎర్రగా రావచ్చు. జ్వరం, చలి కూడా ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో, కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. ఆ జబ్బు సాధారణంగా నొప్పి లేకుండానే ముదురుతుంది. నొప్పి లేదని ధీమాగా ఉండకుండా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు, ఇంజక్షన్లు సొంతంగా వాడొద్దు. అవి కిడ్నీలనీ దెబ్బతీస్తాయి, కడుపులో పుండునీ చేస్తాయి.

పైకడుపులో మంట, ముఖ్యంగా ఖాళీకడుపున వస్తే, ఎసిడిటీ లేదా పుండు కావచ్చు. నూనె వంటలు తిన్నాక కుడి డొక్క పైన పట్టేసి భుజం వైపు పాకితే పిత్తాశయంలో (గాల్ బ్లాడర్) రాళ్లేమో స్కానింగులో చూడాలి. మద్యం తాగేవారికి నొప్పి వీపులోకి పొడుచుకొచ్చి, ముందుకు వంగితే కాస్త తగ్గితే అది క్లోమం (ప్యాంక్రియాస్) వాపు కావచ్చు. నలభై దాటినవారికి, షుగరున్నవారికి పైకడుపు బరువుగా ఉండి చెమటలు పడితే సోడా తాగించి పడుకోబెట్టకండి. గుండెపోటు అలాగే రావచ్చు, వెంటనే ఈసీజీ తీయించాలి.

నెల తప్పిన ఆడవారికి పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచిందేమో చూడాలి. ఆలస్యం ప్రాణానికే ముప్పు.

నేల మీద పడుకున్న మనిషి తెల్లారగట్ల కడుపునొప్పితో లేచి, కాసేపటికి రెప్పలు వాలుతూ, మింగలేకపోతే కట్లపాము కాటేమో అనుకోవాలి. కాటు గుర్తు, వాపు కనిపించకపోవచ్చు. మంత్రం వేయించి కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయండి.

నీళ్ల విరేచనాలతో మెలిపెట్టి, వెళ్లొచ్చాక తగ్గే నొప్పి చాలావరకు దానంతటదే పోతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. సగం సగం కలపొద్దు. పలచని గంజి ఇవ్వొచ్చు. రక్తం పడినా, కడుపు బల్లలా గట్టిపడినా, మలం, గాలి రెండూ ఆగిపోయినా ఇంట్లో ఉంచకూడదు.

ఆస్పత్రికి బయల్దేరే ముందు ఏమీ తినిపించకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. వేసుకున్న బిళ్లల అట్టలు వెంట తీసుకెళ్లండి.