పోలో బూట్లలో ఇరుక్కున్న మట్టికి చిట్కా

మన దగ్గర ఎండలు ముదిరి ఆట ఆగిపోయాక పోలో (గుర్రాల మీద ఆడే ఆట) ఆడటానికి ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకు బూట్ల మట్టి పెద్ద టెన్షన్. అక్కడ ఎయిర్‌పోర్టులో బయోసెక్యూరిటీ వాళ్లు (బయటి నుంచి తెగుళ్లు, రోగాలు రాకుండా తనిఖీ చేసేవాళ్లు) అడుగు తిప్పి మరీ చూస్తారు. మన తిరుపతి ఎర్రమట్టి కుట్ల సందుల్లో దూరిందంటే ఓ పట్టాన వదలదు.

తడి మీద రుద్దకండి, బురదై ఇంకా లోపలికి పోతుంది. పూర్తిగా ఎండాక ముందు గిట్టలు శుభ్రం చేసే కొక్కెంతో అడుగంచు, మడమ మూల గీకేయండి. తర్వాత ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి, పాత టూత్‌బ్రష్‌తో కుట్ల వెంబడే తోమండి. పై తోలును మాత్రం తడిగుడ్డతో తుడిస్తే చాలు. లోపల న్యూస్‌పేపర్ కుక్కి రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచండి. మేడ మీద ఎండలో పెట్టారో, తోలు పగులుతుంది. స్పర్ (గుర్రాన్ని అదిలించడానికి మడమకు కట్టే ముల్లు) పట్టీలు, మోకాలి గార్డుల బకిల్స్ కూడా మరవద్దు, దుమ్ము ఎక్కువగా దాక్కునేది అక్కడే.

ఆరిన బూట్లలో సాక్సులు, గ్లోవ్స్ చుట్టి దూర్చితే ఆకారం చెడదు, సూట్‌కేసులో చోటూ మిగులుతుంది. బంతిని కొట్టే కర్ర, అంటే మాలెట్, సుమారు 50 అంగుళాలు ఉంటుంది, మామూలు సూట్‌కేసులో పట్టదు. అక్కడి క్లబ్బులో ముందే మాట్లాడుకుని తీసుకోవడం మేలు.

ఒక్క జాగ్రత్త: బూట్లు ఎంత మెరిసినా, గుర్రాల దగ్గర తిరిగిన సంగతి ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే ప్యాసింజర్ కార్డులో రాయాల్సిందే. దాచి దొరికితే జరిమానా.