పెద్దవయసులో వచ్చే మార్పులు: ఇంట్లోవాళ్లు చేయవలసినవి

డెబ్బై దాటిన తల్లిదండ్రుల్లో ఏ మార్పు కనిపించినా "వయసు మీద పడింది కదా" అని వదిలేసేవారు కొందరైతే, కంగారుపడి వారి పనులన్నీ తామే చేసిపెట్టేవారు మరికొందరు. మార్పు వయసు వల్ల వచ్చిందా, జబ్బు వల్లనా, ఇల్లు వారికి అనువుగా లేకపోవడం వల్లనా అని ముందుగా తేల్చుకుంటే, ఏ పనిలో చేయందించాలో, ఏది వారికే వదిలేయాలో తెలుస్తుంది.

వినికిడితో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఇళ్లలో ఎక్కువ విసుగు పుట్టేది అక్కడే. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా తగ్గేది కీచుగా ఉండే ధ్వనులను పట్టుకునే శక్తి. అచ్చులు బాగానే వినిపిస్తాయి గాని స, శ, త, క వంటి హల్లులు జారిపోతాయి; అందుకే "మాట వినబడుతోందిరా, ఏమన్నావో తెలియట్లేదు" అంటారు. అరిచి చెబితే హల్లులు తేటపడవు సరికదా, కోప్పడుతున్నారనుకుంటారు. టీవీ ఆపి, ఎదురుగా వెలుతురులో కూర్చుని, కాస్త నిదానంగా మాట్లాడండి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పండి. చెవిలో గుబిలి గట్టిపడినా వినికిడి తగ్గుతుంది కాబట్టి ముందుగా ఈఎన్‌టీ వైద్యునికి చూపించాలి. వినికిడి యంత్రం కొన్న మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు కూడా భరించలేనట్లుంటుంది. రోజూ కొంతసేపు పెట్టుకుంటూ అలవాటు చేసుకోనివ్వకపోతే అది బీరువాలోకి చేరుతుంది.

రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్లే దారిలో పడిపోయే ప్రమాదం ఉంటుంది. రక్తపోటు మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడేవారికి పడుకున్నచోటి నుంచి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు తగ్గి కళ్లు తిరుగుతాయి. మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని లేవమనండి. దారిలో చిన్న దీపం ఉంచి, జారే పట్టాలు తీసేసి, కమోడ్ పక్కన గోడకు ఉక్కు కమ్మీ బిగించండి. తువ్వాలు కొక్కెం దానికి బదులు కాదు, బరువు పడితే ఊడివస్తుంది.

మందుల విషయంలో ఒక పని తప్పక చేయండి. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఆయుర్వేద చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసి వైద్యుని ముందు పెట్టండి. గుండెకొకరు, మోకాళ్లకొకరు చూస్తున్నప్పుడు ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల్లోనూ ఉండవచ్చు. మధుమేహానికి ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికి అరికాళ్లలో తిమ్మిర్లు ఉంటే, ఆ మందు వల్ల విటమిన్ బీ12 తగ్గిందేమో చూసే పరీక్ష గురించి అడగండి. వయసు ఖాతాలో వేసే ఇబ్బందుల్లో కొన్ని ఇలా సరిదిద్దదగ్గవే.

మతిమరుపు నెలల తరబడి నెమ్మదిగా పెరగడం ఒక తీరు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో పొంతన లేకుండా మాట్లాడటం, పగలంతా మగతగా ఉండటం మరో తీరు. ఈ రెండోది చాదస్తం కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, ఒంట్లో నీరు చాలకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు కనుక జ్వరం లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పెద్దవయసులో దాహం మందగిస్తుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీటికి పరిమితి లేనివారికి అడగకముందే మజ్జిగో మంచినీళ్లో అందిస్తుండాలి.

వైద్యుడు ప్రశ్న అడిగినప్పుడు జవాబు వారినే చెప్పనివ్వండి, పింఛను డబ్బు వారి చేతిలోనే ఉండనివ్వండి. ఇల్లో పొలమో పిల్లలకు రాసివ్వాలనుకుంటే, తమను చూసుకోవాలనే షరతును దస్తావేజులోనే రాయించుకోమని చెప్పాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఈ మాట చెప్పడానికి పిల్లలకు ఇబ్బందిగానే ఉంటుంది, కానీ చెప్పవలసింది వారే. సలహా కావాలంటే వయోవృద్ధుల ఉచిత సహాయ సంఖ్య 14567.