నక్షత్రం ఆరలేదా? మరగుజ్జు గ్రహాల ఆకల్టేషన్‌లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

సెరీస్, ప్లూటో లాంటి మరగుజ్జు గ్రహం ఏదైనా నక్షత్రానికి అడ్డం వస్తే ఆ నక్షత్రం కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు కనపడకుండా పోతుంది. దీన్నే ఆకల్టేషన్ అంటారు. ఆ కాసేపట్లోనే గ్రహం సైజు, ఆకారం, గాలి పొర ఉందో లేదో అన్నీ తెలిసిపోతాయి. బెంగళూరులో మిద్దె మీద టెలిస్కోప్ పెట్టుకుని దీనికోసం కూర్చునే మనవాళ్లకి పదేపదే ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

చెప్పిన టైమ్‌కి చూశాం, ఏమీ జరగలేదు

ముందు తేదీ సరిచూసుకోండి. అంచనాలన్నీ యూటీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూనివర్సల్ టైమ్, యూటీసీ అన్నా అదే) ఇస్తారు, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. అంటే యూటీలో 6వ తేదీ 19:10 అని ఉంటే మనకది 7వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:40. 7వ తేదీ రాత్రి తీరిగ్గా భోంచేసి మిద్దెక్కితే అప్పటికే ఒక రోజు దాటిపోయి ఉంటుంది.

తేదీ సరిగ్గానే ఉంటే నీడ దారి, అంటే నక్షత్రం వెలుగులో గ్రహం నీడ భూమి మీద పోయే దారి, జరిగి ఉండొచ్చు. సెరీస్ చుట్టూ నాసా అంతరిక్ష నౌక డాన్ 2015 నుంచి 2018 దాకా తిరిగింది కాబట్టి దాని కక్ష్య బాగా తెలుసు, ఆ అంచనాలని నమ్మొచ్చు. హౌమియా, మాకేమాకే లాంటి మరగుజ్జు గ్రహాలు మాత్రం చాలా దూరం. ప్లూటో దూరంలోనే కోణంలో ఒక ఆర్క్ సెకండులో (డిగ్రీలో 3600వ వంతు) వెయ్యో వంతు తేడా వస్తే నేల మీద నీడ సుమారు 25 కిలోమీటర్లు పక్కకి జరుగుతుంది. అందుకే నెలల కిందట సేవ్ చేసుకున్న మ్యాప్‌ని పట్టుకుని కూర్చోకుండా వారం ముందొకసారి, ముందు రోజు ఇంకోసారి తాజా అంచనా చూడండి, నక్షత్రం స్థానం గయా కేటలాగ్ (గయా అంతరిక్ష టెలిస్కోప్ కొలిచిన నక్షత్రాల జాబితా) నుంచి తీసుకున్నదేనా, దాని సొంత కదలికని కూడా లెక్కేశారా అన్నది కూడా చూసుకోండి. ఆకల్ట్ వాచర్ సాఫ్ట్‌వేర్‌లో మీ ఊరు పెడితే నీడ దారి మధ్య గీతకి ఎంత దూరంలో ఉన్నారో చూపిస్తుంది.

అన్నీ సరిగ్గా ఉండి కూడా నక్షత్రం ఆరకపోతే ఆ రికార్డింగ్‌ని డిలీట్ చేయకండి. నీడ ఇక్కడిదాకా రాలేదన్న సంగతి గ్రహం అంచు ఎక్కడుందో తేల్చడానికి నిజంగా పనికొస్తుంది.

సెరీస్ అడ్డం వచ్చింది, కానీ వెలుగు తగ్గినట్టే లేదు

టెలిస్కోప్‌లో సెరీస్, నక్షత్రం కలిసిపోయి ఒకే చుక్కగా కనిపిస్తాయి. సెరీస్ 8వ మాగ్నిట్యూడ్‌లో (వెలుగు కొలత, అంకె పెరిగే కొద్దీ వెలుగు తక్కువ), నక్షత్రం 11లో ఉన్నాయనుకోండి, నక్షత్రం పూర్తిగా మాయమైనా మొత్తం వెలుగులో తగ్గేది 6 శాతమే. కంటికి అది ఎంత చూసినా అందదు. కెమెరాతో రికార్డు చేసి కొలవాల్సిందే, లేదంటే ప్రకాశవంతమైన నక్షత్రం ఉన్న ఈవెంట్‌ని ఎంచుకోవాలి. ప్లూటో దాదాపు 14వ మాగ్నిట్యూడ్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ దీనికి రివర్స్: 12వ మాగ్నిట్యూడ్ నక్షత్రం ఆరితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఏది మన నక్షత్రమో తెలియడం లేదు

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఊరి లైట్ల వెలుగులో చిన్న నక్షత్రాలు కనపడవు, ఆకాశంలో గుర్తుపట్టడానికి ఆనవాళ్లే తక్కువ. పైగా డయాగనల్ (చూసే దిక్కుని పక్కకి తిప్పే అద్దం) వాడితే బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతుంది, చార్టుని కూడా అలాగే తిప్పుకోవాలి. అన్నిటికన్నా మంచి పని ముందు రాత్రే రిహార్సల్ వేసుకోవడం: ఈవెంట్ టైమ్‌కి నాలుగు నిమిషాలు ఆలస్యంగా చూస్తే అదే నక్షత్రం ఆకాశంలో అదే చోట ఉంటుంది. ఎదురింటి వాటర్ ట్యాంకు అడ్డమొస్తుందా, ఎక్స్‌పోజర్ సరిపోతుందా, ల్యాప్‌టాప్ ఫ్రేములు వదిలేస్తోందా అన్నవన్నీ ఆ రాత్రే తేలిపోతాయి, అసలు రోజు టెన్షన్ ఉండదు.

వెలుగు తగ్గింది, కానీ టైమ్ మిగతావాళ్లతో కలవడం లేదు

నీడ సెకనుకి 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక్క సెకను తప్పు 20 కిలోమీటర్ల తప్పుతో సమానం. ల్యాప్‌టాప్ గడియారాన్ని నమ్మకండి, జీపీఎస్ టైమింగ్ వాడండి. జీపీఎస్ టైమ్‌కీ యూటీసీకీ 18 సెకన్ల తేడా ఉంది, ఆ సవరణ ఉపగ్రహాల నుంచి అందేదాకా రిసీవర్ తప్పు టైమ్ చూపించొచ్చు. ఆ సమాచారం మొత్తం దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది కాబట్టి అరగంట ముందే ఆన్ చేసి ఆకాశం కనిపించే చోట పెట్టండి.

నక్షత్రం ఒక్కసారిగా ఆరలేదు, మెల్లగా మసకబారింది

సెరీస్ అయితే ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుగు పట్టే సమయం) మరీ ఎక్కువ పెట్టారేమో చూడండి. ప్లూటో అయితే మీ పరికరంలో లోపమేమీ లేదు, దాని పలుచని వాతావరణమే వెలుగుని వంచి అలా మసకబారుస్తుంది. అది ఉందని 1988లో ఖాయమైంది కూడా ఇలాంటి ఆకల్టేషన్‌తోనే.

అసలు ఈవెంట్‌కి ముందో వెనకో చిన్న తగ్గుదల కనిపిస్తే పక్కనున్న ఇంకో నక్షత్రం వెలుగు కూడా కొలవండి. రెండూ కలిసి తగ్గితే మబ్బు. మనది మాత్రమే తగ్గితే అది వలయం కావచ్చు, వెంటనే నలుగురికీ చెప్పండి! 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వస్తుంటే, మనకి దగ్గర్లో, తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో అలాంటి తగ్గుదలే నమోదైంది. కొత్త ఉపగ్రహం అనుకున్నారు, తీరా చూస్తే అది యురేనస్ వలయం. హౌమియా వలయం కూడా 2017 జనవరిలో ఇలాగే దొరికింది. అందుకే ఈవెంట్‌కి ముందు, తర్వాత కూడా చాలాసేపు రికార్డింగ్ నడవనివ్వండి, గ్రహం దాటిపోగానే ఆపేయకండి.

మంచు, మబ్బు

చలికాలంలో లెన్స్ మీద తేమ పడితే డ్యూ హీటర్ (లెన్స్‌ని కాస్త వెచ్చగా ఉంచే పట్టీ) పెట్టండి. మబ్బుకి మందు లేదు, కానీ అందరూ బెంగళూరులోనే కూర్చోవాల్సిన పని లేదు. నీడ తూర్పు పడమరలుగా పోతుంటే ఒకరు హిందూపురంలో చుట్టాలింటి మిద్దె మీద, ఒకరు ఇక్కడ ఉండండి. ఒక చోట మబ్బు పట్టినా ఇంకో చోట దొరుకుతుంది, రెండు చోట్లా దొరికితే గ్రహాన్ని రెండు వేరువేరు గీతల మీద కొలిచినట్టవుతుంది.