పిల్లలతో చావు మాట, నాలుగో పాఠం: తాతయ్య గ్లవుజు తమ్ముడికి పట్టదు

ఈసారి, తిరిగి లేచాక మనం చేరే మూడు మహిమల రాజ్యాల గురించి చెప్తానన్నాను. అది వాయిదా. మూడో పాఠం చదివి ఇంట్లో ప్రయత్నించినవాళ్ళు రాసిన ఉత్తరాలు చూశాక ముందు, పిల్లలు తిరిగి లేవడాన్ని మళ్ళీ పుట్టడం అనుకునే చిక్కు విప్పకుండా ఇంకో అడుగు వేయలేమని అర్థమైంది. తప్పు మీది కాదు, సగం నాదే.

పోయినసారి గ్లవుజు చూపించమన్నాను. చెయ్యి ఆత్మ, గ్లవుజు దేహం. చెయ్యి లోపలుంటే గ్లవుజు ఆడుతుంది. చెయ్యి బయటికి తీస్తే గ్లవుజు బల్ల మీద ఊరికే పడి ఉంటుంది, చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంటుంది. అది చావు. మళ్ళీ తొడిగితే పునరుత్థానం. మన క్రైస్తవ శాఖ అయిన కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో ప్రైమరీ (పిల్లల క్లాసు) టీచర్లు ఏళ్ళ తరబడి వాడుతున్న పద్ధతే ఇది. అమెరికాలో పిల్లలకు ఇది చక్కగా ఎక్కుతుంది. మన పిల్లలకు ఎక్కడ తేడా కొడుతుందో నేను ముందే చెప్పి ఉండాల్సింది.

రాజమండ్రి నుంచి ఒక తల్లి రాసింది. వాళ్ళ మామగారు పోయిన కొన్ని నెలలకు ఇంట్లో మగపిల్లాడు పుట్టాడు. తాతగారి పేరే పెట్టారు. ఆరేళ్ళ పెద్దపాప గ్లవుజు ఆట అంతా శ్రద్ధగా చూసి, చివర్లో చెయ్యి మళ్ళీ తొడగగానే చప్పట్లు కొట్టి, "అర్థమైందమ్మా! తాతయ్య చెయ్యి, తమ్ముడు కొత్త గ్లవుజు!" అందట. పక్కనే ఉన్న నానమ్మ కళ్ళు తుడుచుకుని, "నా తల్లే, ఎంత బాగా చెప్పావే. ఆ నుదురు, ఆ చెవులు, అచ్చం మీ తాతయ్యే" అంది. ఆ ఇద్దరి మధ్య కూర్చుని కాదని చెప్పడానికి నోరు రాలేదని రాసింది ఆవిడ. ఎలా వస్తుంది? నాకైనా రాదు.

వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఇదే కథ. కాబట్టి ఈ పాఠమంతా ఈ ఒక్క ఉచ్చు గురించే. ఆత్మ వేరు, దేహం వేరు, పరలోక తండ్రి మనందరి ఆత్మలకు తండ్రి అన్న సంగతులు మీకు తెలుసు, మళ్ళీ చెప్పను.

ఉచ్చు మాటలోనే ఉంది. పునరుత్థానం, పునర్జన్మ. రెండూ 'పునః', అంటే 'మళ్ళీ' తోనే మొదలవుతాయి. పిల్లల చెవికి ముందు సగమే పడుతుంది. మిగతా సగం వాళ్ళు ఇంట్లో, టీవీలో, పక్కింటి అమ్మమ్మ దగ్గర విన్నదానితో నింపుకుంటారు. దానికి తోడు మనం రెండో పాఠంలో, పుట్టకముందే మనం పరలోక తండ్రి దగ్గర బతికామని చెప్పాం. తెలుగు పిల్లవాడు అది వినగానే వేసే మొదటి ప్రశ్న, "అయితే అప్పుడు నేనెవర్ని?" అనే. పోయిన జన్మలో రాజునా, కుక్కనా అని లెక్క మొదలుపెడతాడు. వాడి తప్పేం లేదు. మన భాషలో 'పుట్టకముందు' అంటే పోయిన జన్మే గుర్తుకొస్తుంది.

అందుకని నేను ప్రైమరీ క్లాసులో పిల్లలచేత వేళ్ళ మీద లెక్కపెట్టిస్తాను. ఒకే పుట్టుక. ఒకే చావు. ఒకే ఒళ్ళు. మూడు వేళ్ళు. పుట్టకముందు మనకు ఒళ్ళు లేదు, ఆత్మగానే ఉన్నాం, అప్పుడు కూడా నువ్వు నువ్వే. పుట్టినప్పుడు ఒళ్ళు వచ్చింది. చనిపోతే అది వదిలేస్తాం. పునరుత్థానంలో ఆ ఒళ్ళే తిరిగి వస్తుంది, ఇక చావు ఉండదు. ఇంకొకరి ఒళ్ళు కాదు, ఇంకొకరి పేరు కాదు, ఇంకొక అమ్మ కడుపు కాదు.

'పునరుత్థానం' అనే మాట నేను ఎనిమిదేళ్ళ లోపు పిల్లల దగ్గర వాడను. 'తిరిగి లేవడం' అంటాను. నా సొంత అలవాటు ఇది, మాన్యువల్లో ఉండదు. కొందరు పెద్దలకు నచ్చదు కూడా, లేఖనంలో ఉన్న మాటే నేర్పాలంటారు. నేర్పుదాం, పదేళ్ళు రానివ్వండి.

గ్లవుజు సంగతి. మీరు ఇంట్లో ఏ గ్లవుజు వాడారో నాకు తెలుసు: వంటింట్లో గిన్నెలు దించేది, లేదా అంట్లు తోమే పసుప్పచ్చ రబ్బరుది. అవి ఎవరి చేతికైనా పడతాయి. అక్కడే ఆట చెడింది. పిల్లవాడి చేతిని కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీసి, పాత బనియను గుడ్డ కత్తిరించి, ఆ ఒక్క చేతికే పట్టేలా కుట్టండి. మార్కరుతో పేరు రాయండి. చిటికెన వేలి మీద మచ్చ ఉంటే అది కూడా వెయ్యండి. ఇప్పుడు ఆట ఆడండి. తర్వాత దాన్ని తమ్ముడి చేతికి తొడగమనండి. పట్టదు. వాళ్ళ నాన్న చేతికి తొడగమనండి. చిరిగిపోతుంది. (రెండు కుట్టి ఉంచుకోండి.) ఆ నవ్వులోనే పాఠం అయిపోతుంది, మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదు.

తర్వాత యేసు కథ. ఆయన సమాధిలోనుంచి లేచి వచ్చినప్పుడు ఎవరింట్లోనో పాపాయిగా పుట్టలేదు. యేసుగానే వచ్చాడు. చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. శిష్యులు భూతం అనుకుని భయపడితే, నన్ను పట్టుకుని చూడండి, ఆత్మకు ఎముకలూ మాంసమూ ఉండవన్నాడు. అప్పటికీ నమ్మకపోతే తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క వాళ్ళ ముందే తిన్నాడు. లూకా 24లో ఉంది. పిల్లలకు ఈ చేప ముక్క కంటే గట్టి రుజువు ఇంకోటి లేదు. బైబిలుతో పాటు మనం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథంలో, మూడవ నీఫై అనే భాగంలో దాదాపు 2500 మంది ఉన్న గుంపులో ఒక్కొక్కరూ వెళ్ళి ఆ గాయాల్ని తడిమి చూశారు. ఎంతసేపు పట్టి ఉంటుందో మీ పిల్లల్నే లెక్కపెట్టమనండి. మా క్లాసులో ఒకడు మనిషికి అర నిమిషం చొప్పున వేసి, అన్నం తినకుండా ఒక రోజు దాకా అని తేల్చాడు.

ఇక నానమ్మ. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే నేనే ఇక్కడ కాలు జారాను. మా అన్నయ్యకు కొడుకు పుట్టినప్పుడు నేను ఆస్పత్రికి వెళ్ళి, వాణ్ని చేతుల్లోకి తీసుకుని, మొదట అన్నమాట, "నాన్న మళ్ళీ వచ్చాడు." బాప్తిస్మం తీసుకుని అప్పటికే పదకొండేళ్ళు. మా అమ్మాయి పక్కనే ఉంది. ఇంటికి వచ్చాక, "అమ్మా, క్లాసులో నువ్వు చెప్పేది అబద్ధమా, ఇక్కడ చెప్పింది అబద్ధమా?" అని అడిగింది. రెండు రోజులు నిద్ర పట్టలేదు.

తర్వాత దానికి ఇలా చెప్పాను: "తాతయ్య అంటే ఇష్టం కాబట్టి అలా అన్నాను. తాతయ్య చెవులు బాబుకి వచ్చాయి, తాతయ్య రాలేదు. తాతయ్య తాతయ్యగానే ఉన్నాడు. ఎప్పుడో ఒకరోజు బాబుని ఎదురుగా నిలబెట్టి, ఇవిగో తాతయ్యా నీ చెవులు అని చూపిద్దాం." అది చాలింది. నానమ్మను దిద్దకండి. పేరు పెట్టుకోవడం ప్రేమ, అది మన ఆచారం, దానిలో తప్పు లేదు. నానమ్మ మాటకు పిల్ల ముందు అడ్డు చెప్పి గెలిస్తే, పిల్లకు చావు గురించి ఏమీ అర్థం కాదు, అమ్మా నానమ్మా పోట్లాడుకున్నారని మాత్రమే అర్థమవుతుంది. రాత్రి పడుకునేటప్పుడు చెవుల సంగతి చెప్పండి.

దీని వెంటనే వచ్చే ప్రశ్న: "తాతయ్యను కాల్చేశారుగా. గోదాట్లో కలిపేశారుగా. మరి ఆ గ్లవుజేదీ?" ఖననమా, దహనమా అన్నది కుటుంబం ఇష్టానికి సంఘం వదిలేసింది. మన ఇళ్ళల్లో సగం మంది బంధువులు హిందువులే కాబట్టి దహనాలే ఎక్కువ. మోర్మన్ గ్రంథంలోనే ఆల్మా 40వ అధ్యాయం 23వ వచనం చూడండి: ప్రతి కీలూ, ప్రతి అవయవమూ తిరిగి వస్తుంది, తలవెంట్రుక ఒక్కటి కూడా పోదని ఉంటుంది. పూడ్చినవాళ్ళు కూడా వందేళ్ళకు మట్టే అవుతారు. మట్టిని పోగుచేయగలిగినవాడికి బూడిద లెక్కా అనండి. ఎలా చేస్తాడని అడిగితే తెలియదనండి. ఎప్పుడని అడిగినా తెలియదనే చెప్పండి. తెలియదని చెప్పిన అమ్మ మీద పిల్లలకు నమ్మకం పెరుగుతుంది, తగ్గదు.

రెండో గొడవ చిన్నదే కానీ బాధపెట్టేది. విశాఖపట్నంలో ఒక ఏడేళ్ళ పిల్లవాడు పెద్దకర్మ రోజున బంధువులందరి ముందు, "మా తాతయ్య జైల్లో ఉన్నాడు" అన్నాడట. పోయిన పాఠంలో నేను రాసిన 'ఆత్మల చెర' (యేసు మాట ఇంకా అందని ఆత్మలు వేచి ఉండే చోటు) అన్న మాట వాడి తలలో అలా తేలింది. పేతురు పత్రికలో ఉన్న మాటే అది, పెద్దల చదువుకి సరిపోతుంది. పిల్లలకు వద్దు. నేను వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఒక మనిషి కథ చెప్పండి.

మన సంఘాన్ని మొదలుపెట్టిన జోసెఫ్ స్మిత్‌కి ఆల్విన్ అని పెద్దన్నయ్య ఉండేవాడు. 1823 నవంబరులో కడుపునొప్పితో మొదలై కొద్ది రోజుల్లోనే పోయాడు. అప్పటికి జోసెఫ్‌కు పదిహేడేళ్ళు. సంఘం ఇంకా మొదలే కాలేదు, ఆల్విన్‌కు బాప్తిస్మం లేదు. అంత్యక్రియల్లో ఒక పాస్టరు ఆల్విన్ నరకానికే పోయి ఉంటాడన్నట్టు మాట్లాడాడని, ఇంట్లోవాళ్ళు చాలా బాధపడ్డారని తమ్ముడు విలియం తర్వాత చెప్పాడు. 1836 జనవరి 21న అమెరికాలో మన సంఘం కట్టిన కర్ట్‌లండ్ దేవాలయంలో జోసెఫ్‌కు దర్శనం కలిగింది. మూడు రాజ్యాల్లో అన్నిటికంటే పైదైన సిలెస్టియల్ రాజ్యంలో ఆల్విన్ కనిపించాడు. బాప్తిస్మం లేనివాడు అక్కడెలా ఉన్నాడని జోసెఫే ఆశ్చర్యపోయాడు. వినే అవకాశం రాకుండా చనిపోయినవాళ్ళు, వచ్చి ఉంటే హృదయమంతా పెట్టి అంగీకరించి ఉండేవాళ్ళయితే, ఆ రాజ్యానికి వారసులవుతారని జవాబు వచ్చింది. అదే దర్శనంలో, లెక్క అప్పజెప్పే వయసు, అంటే ఎనిమిదేళ్ళు రాకముందే పోయిన పసిపిల్లలంతా అక్కడే ఉంటారని కూడా చూశాడు. మన ఇంకో లేఖనం, సిద్ధాంతము మరియు నిబంధనలు, 137లో ఉంది. తమ్ముణ్నో చెల్లినో పోగొట్టుకున్న పిల్లలకు ముందు ఈ చివరి మాటే చెప్పండి, మిగతాది తర్వాత.

తాతయ్య గురించి: "తాతయ్య ఉన్నచోట యేసు గురించి చెప్పేవాళ్ళు ఉన్నారు. వినాలా వద్దా అన్నది తాతయ్య ఇష్టం. ఆయన తరపున బాప్తిస్మం మనలో ఎవరో ఒకరు దేవాలయంలో తీసుకుంటారు. అది ఆయనకు ఇచ్చే బహుమతి, తీసుకోవడం తీసుకోకపోవడం ఆయన చేతిలోనే ఉంటుంది." ఈ చివరి వాక్యం మింగేయకండి. మన బంధువులతో గొడవ రాకుండా ఉండేది దీనివల్లే. "నేనే తీసుకుంటా" అని పిల్లలు వెంటనే లేస్తారు. పన్నెండేళ్ళు నిండే సంవత్సరం దాకా ఆగమనండి. బెంగళూరు దేవాలయాన్ని 2018లో ప్రకటించారు, 2020 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఆ పేరు చెప్తే రైలెక్కి వెళ్ళే ఊరే కదా అని పిల్లలకు దగ్గరగా అనిపిస్తుంది.

ఇంకొక్కటి, క్లుప్తంగా. "అల్లరి చేస్తే పరలోకంలో మాతో ఉండవు" అని బెదిరించేవాళ్ళు మానేయండి. అన్నం తినిపించడానికి దీన్ని వాడినవాళ్ళు నాకు తెలుసు.

అభ్యాసం. ఈ వారం ఇంట్లో పోయినవాళ్ళ గురించి పెద్దలు అనే ప్రతి మాటా ఒక నోటుబుక్కులో రాయండి: కాలం చేశారు, పైకి వెళ్ళారు, చుక్క అయ్యారు, నిద్రపోయారు, మళ్ళీ పుట్టారు. కనీసం ఇరవై దొరుకుతాయి. ఒక్కోదాని పక్కన, మీ పిల్లవాడు దాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే రాత్రి దేనికి భయపడతాడో రాయండి. 'నిద్రపోయారు' దగ్గర ఏం రాస్తారో నాకు తెలుసు, రాయండి. అది పూర్తయ్యాక ఆరు వాక్యాల్లో, 'పునః' అన్న మాట లేకుండా, 'చెర' లేకుండా, ఏడేళ్ళ పిల్లకు తాతయ్య ఎక్కడున్నాడో చెప్పండి. తర్వాత ఆ పిల్లను తన బొమ్మకు చెప్పమనండి. మీరు పక్కగదిలో ఉండి వినండి. బొమ్మకు ఏం చెప్పిందో అదే నాకు రాసి పంపండి, మీరు చెప్పింది కాదు. మూడు రాజ్యాలు వచ్చే పాఠంలో, బనియను గుడ్డ మిగిలితే దాచండి.